ఛాతీ గొట్టంలో పాలలా వస్తున్నది ఏమిటి? కైలోథొరాక్స్ గురించి వివరంగా

అడిగిన ప్రశ్న: నాన్నగారి వయసు 61. అన్నవాహిక క్యాన్సర్‌కు ఆపరేషన్ చేశారు. అయిదో రోజు పేగులోకి అమర్చిన సన్నని గొట్టం ద్వారా ద్రవాహారం మొదలుపెట్టారు. మర్నాటికల్లా ఛాతీ గొట్టంలోంచి పాలలాంటి ద్రవం రావడం మొదలైంది. ఇప్పుడు రోజుకు 900 మిల్లీలీటర్ల దాకా వస్తోంది. శోషరసం కారుతోందని చెప్పి ఆహారం ఆపేశారు, సిర ద్వారా ఏదో ఎక్కిస్తున్నారు. నాలుగు రోజులైంది. అది చీమా? క్యాన్సర్ మళ్లీ వచ్చిందా? ఆహారం ఇవ్వకపోతే మనిషి ఇంకా నీరసించిపోరా? గొట్టం తీసేస్తే కారడం ఆగదా?

సమాధానం:

మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే అది చీము కాదు, క్యాన్సర్ తిరగబెట్టడమూ కాదు. ఆపరేషన్ జరిగిన చోటుకు ఆనుకునే శరీరంలోని అతి పెద్ద శోషరస నాళం (కణజాలాల నుంచి వచ్చే లింఫ్ అనే ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చేది) ఉంటుంది. దానికి ఎక్కడో గండి పడి, అందులోని ద్రవం ఛాతీలోకి కారుతోంది. దీన్ని కైలోథొరాక్స్ అంటారు. అన్నవాహిక శస్త్రచికిత్సల్లో ఎంత అనుభవం ఉన్న సర్జన్ చేతిలోనైనా అప్పుడప్పుడు ఎదురయ్యేదే. అరుదైనదే కానీ వింత కాదు. అలాగని తేలికైనదీ కాదు. నేను ఊపిరితిత్తుల వైద్యుడిగా పనిచేస్తూ ఇరవై ఏళ్లు దాటాయి. ఈ జబ్బులో రోగులు దెబ్బతినేది చాలావరకు రెండు కారణాల వల్లే: సీసాలోకి పోతున్నది ఉత్త నీరే కదా అనుకోవడం, 'ఇంకో రెండు రోజులు చూద్దాం' అంటూ రోజులు దొర్లించడం. మీ ప్రశ్నలకు జవాబులన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

మనం తిన్న పిండిపదార్థాలు, మాంసకృత్తులు జీర్ణమయ్యాక పేగు గోడలోని సన్నని రక్తనాళాల్లోకి చేరి నేరుగా కాలేయానికి వెళ్తాయి. ఆహారంలోని కొవ్వులో చాలా భాగానికి ఆ దారి లేదు. పేగు కణాలు దాన్ని అతి చిన్న బిందువులుగా కట్టి, పైన మాంసకృత్తుల పూత పూసి, శోషరస నాళాల్లోకి వదులుతాయి. ఆ బిందువుల పేరు కైలోమైక్రాన్లు. మీరు సీసాలో చూస్తున్న తెలుపు వాటిదే. 1622లో గాస్పరే అసెల్లి అనే ఇటలీ వైద్యుడు, అప్పుడే కడుపు నిండా తిన్న కుక్క పొట్ట కోసి చూస్తుండగా పేగుల చుట్టూ తెల్లని దారాల వంటివి కనిపించాయి. నరాలేమో అనుకున్నాడు. ఒకదాన్ని కోయగానే పాలలాంటి ద్రవం ఉబికింది. ఆ కుక్క పస్తు ఉండి ఉంటే ఆ నాళాలు అసలు కంటికి ఆనేవే కావు. ఈ చిన్న విషయం గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఆ తెల్లని నాళాలన్నీ, కాళ్ల నుంచి వచ్చే శోషరసంతో కలిసి, నడుము పైభాగంలో వెన్నెముక ముందు ఒక చిన్న తిత్తి లాంటి చోట కలుస్తాయి. అక్కడి నుంచి ఒకే ఒక్క నాళం బయలుదేరుతుంది. వైద్యులు దాన్ని థొరాసిక్ డక్ట్ అంటారు. గోధుమగడ్డి పోచంత సన్నగా, అంచు కూడా సరిగా కనిపించనంత పారదర్శకంగా, దాదాపు 40 సెంటీమీటర్ల పొడవున ఉంటుంది. ఛాతీని, పొట్టను వేరుచేసే డయాఫ్రమ్ కండరాన్ని దాటి ఛాతీలోకి వచ్చాక వెన్నెముకకు కుడివైపున పైకి పాకి, అయిదో ఛాతీ పూస దగ్గర ఎడమకు మళ్లి, మెడ కింద ఎడమ పక్కనున్న పెద్ద సిరలో కలుస్తుంది. అందుకే నాళం కింది భాగంలో తెగితే ఎక్కువగా కుడి ఊపిరితిత్తి చుట్టూ, పైభాగంలో తెగితే ఎడమవైపున ద్రవం చేరుతుంది. ఈ నాళం పక్కనే అన్నవాహిక, బృహద్ధమని ఉంటాయి. క్యాన్సర్‌ను దాని చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులతో సహా తీసేటప్పుడు కంటికి సరిగా కనిపించని ఈ నాళానికి దెబ్బ తగలడం ఎంత సులువో ఊహించవచ్చు. నాళం దారి అందరిలో ఒకేలా కూడా ఉండదు. కొందరిలో రెండు పాయలుగా చీలి ఉంటుంది.

మరి అయిదు రోజులు ఏమీ కనిపించక, ఆహారం మొదలుపెట్టగానే ఎందుకు బయటపడింది? పస్తు ఉన్నప్పుడు ఆ నాళంలో ప్రవాహం బాగా తగ్గిపోతుంది. వచ్చే కాస్త ద్రవంలో కొవ్వు ఉండదు కాబట్టి లేత పసుపు రంగులో, ఆపరేషన్ తర్వాత మామూలుగా వచ్చే నీటిలో కలిసిపోతుంది. కొవ్వుతో కూడిన ఆహారం పడగానే ప్రవాహం ఎన్నో రెట్లు పెరుగుతుంది, తెలుపూ వస్తుంది. ఆరోగ్యంగా తిని తిరిగే మనిషిలో ఈ నాళం గుండా రోజుకు ఒకటిన్నర నుంచి రెండున్నర లీటర్లు పోతుంది. గొట్టం లేని రోగుల్లోనైతే కారిన ద్రవం ముందు వెన్నెముక దగ్గర గుండె వెనకాల జమై, ఆ తర్వాత ఊపిరితిత్తి చుట్టూ ఉన్న ప్లూరా పొరల మధ్యకు దారి చేసుకుంటుంది. గాయానికీ ఆయాసానికీ మధ్య రెండు నుంచి పది రోజుల ఎడం ఉండడం అందుకే.

కుక్క సంగతి ఇక్కడ అక్కరకు వస్తుంది. చాలా ఏళ్ల కిందట ఒక రోగి విషయంలో నేనే పొరపడ్డాను. గొట్టంలో వస్తున్నది ఎండుగడ్డి రంగు నీరు. పాలలా లేదు కదా అని శోషరసం మాట తలపెట్టనే లేదు. ఆ మనిషి వారం నుంచి నోట ఏమీ తీసుకోలేదన్నది కేసు షీటులో నా కళ్ల ముందే ఉంది. ఆహారం మొదలయ్యాక ఒక్క రాత్రిలో సీసా తెల్లబడింది. అప్పటి నుంచి రంగును నమ్మడం మానేశాను. కైలోథొరాక్స్ ఉన్నవారిలో దాదాపు సగం మందిలో ద్రవం పాలలా ఉండదు. కొందరిలో ఎర్రగా ఉంటుంది, కొందరిలో మామూలు నీరులాగే ఉంటుంది. దీనికి ఎదురు మాట కూడా నిజమే, పాలలా కనిపించేదంతా శోషరసం కాదు.

తేల్చేది పరీక్ష. ద్రవంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు డెసిలీటరుకు 110 మిల్లీగ్రాములు దాటితే కైలోథొరాక్స్ అనుకోవచ్చు. 50 కంటే తక్కువైతే, రోగి పస్తు లేకుండా ఉంటే, దాదాపు కాదనే చెప్పవచ్చు. మధ్యలో వస్తే లైపోప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే పరీక్షతో కైలోమైక్రాన్లు ఉన్నాయా లేవా చూస్తారు. చీము సంగతి అడిగారు కదా. చీమును సెంట్రిఫ్యూజ్‌లో వేసి తిప్పితే కణాలన్నీ అడుగుకు చేరి పైన తేటపడుతుంది. శోషరసం ఎంత తిప్పినా తెల్లగానే ఉంటుంది. చీమైతే చాలావరకు జ్వరం, నొప్పి ఉంటాయి. శోషరసం ప్లూరాను రేపదు, అందులో సూక్ష్మజీవులు కూడా అంత తేలిగ్గా పెరగవు. అందుకే నాన్నగారికి ఆయాసం ఉన్నా, పక్కలో పొడిచినట్టు నొప్పి ఉండకపోవచ్చు. ఇంకో మాయ కూడా ఉంది. పాత క్షయ, రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారిలో ఏళ్ల తరబడి నిలిచిపోయిన నీరు కొలెస్టరాల్ పేరుకుని తెల్లబడుతుంది. దానికి ఈ వైద్యం పనికిరాదు. అయితే అది ఆపరేషన్ అయిన వారంలో వచ్చేది కాదు కాబట్టి మీరు ఆ చింత పెట్టుకోనక్కరలేదు.

ఇప్పుడు అసలు విషయం. రోజుకు 900 మిల్లీలీటర్లు పోతోందంటే ఏమి పోతోంది? నీరు, సోడియంతో పాటు కొవ్వు, లీటరుకు ఇరవై నుంచి ముప్పై గ్రాములో అంతకు పైనో మాంసకృత్తులు, ఎ, డి, ఇ, కె విటమిన్లు పోతాయి. వీటన్నింటికంటే మనం తక్కువగా తలచుకునేవి లింఫోసైట్లు. వైరస్‌లను, ఫంగస్‌ను అడ్డుకునే ఆ తెల్ల కణాలు శోషరసంలో దండిగా ఉంటాయి. వారం, పది రోజులు ఇలా కారితే రక్తంలో వాటి లెక్క పడిపోతుంది, ఆల్బుమిన్ అనే మాంసకృత్తి తగ్గి కాళ్లు వాస్తాయి, కుట్లు మానడం ఆలస్యమవుతుంది. రోగాలను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) కూడా పోతాయి. కొన్ని మందులు సైతం శోషరసంతో బయటికి పోయి రక్తంలో మోతాదు తగ్గినట్టు చూశాం. శస్త్రచికిత్సతో నాళాన్ని కట్టివేసే పద్ధతి రాకముందు ఈ జబ్బు వచ్చినవారిలో సగం మంది దాకా బతికేవారు కాదు. వారిని చంపింది ఊపిరితిత్తి మీది ఒత్తిడి కాదు, ఈ క్షీణతే. 1948లో లాంప్సన్ అనే సర్జన్ నాళాన్ని కట్టివేసి రోగిని నిలబెట్టాక ఆ లెక్క మారింది.

అందుకే 'గొట్టం తీసేస్తే ఆగదా' అన్న ప్రశ్నకు జవాబు, ఆగదు. గొట్టం కారుడుకు కారణం కాదు, కారినదాన్ని బయటికి పంపే దారి మాత్రమే. తీసేస్తే అదే ద్రవం ఛాతీలో నిండి ఊపిరితిత్తిని నొక్కుతుంది. పైగా ఊపిరితిత్తి పూర్తిగా విప్పారి ఛాతీ గోడకు ఆనుకుని ఉంటేనే గండి మూసుకోవడానికి వీలు. రోజుకు ఎంత కారుతోందో కచ్చితంగా తెలిసేది కూడా ఆ సీసా వల్లే. తర్వాతి నిర్ణయాలన్నీ ఆ అంకె మీదే ఆధారపడతాయి.

ఇక ఆహారం. నాన్నగారిని పస్తు పెట్టారని మీరు బాధపడుతున్నారు. నిజానికి పస్తు పెట్టింది పేగును మాత్రమే, మనిషిని కాదు. సిర ద్వారా ఎక్కిస్తున్నది బహుశా గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, కొవ్వు, విటమిన్లు కలిపిన పూర్తి పోషణ. అందులో కొవ్వు ఉందని కంగారు పడకండి. రక్తంలోకి నేరుగా వెళ్లే కొవ్వు శోషరస నాళం దారి పట్టదు. మీరు అడగవలసింది ఒక్కటే: ఇది పూర్తి పోషణేనా, లేక ఉత్త సెలైనా? ఉత్త సెలైన్ అయితే నాలుగు రోజులు చాలా ఎక్కువ.

కారుడు తక్కువగా ఉన్న రోగుల్లో పేగును పూర్తిగా ఆపకుండా, కొవ్వు దాదాపు లేని ఆహారానికి మధ్యస్థ గొలుసు కొవ్వులు కలిపి ఇస్తారు. ఈ కొవ్వుల అణువులు పొట్టివి కాబట్టి పిండిపదార్థాల్లాగే నేరుగా రక్తంలోకి చేరి కాలేయానికి వెళ్తాయి. శోషరస నాళానికి విశ్రాంతి దొరుకుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. కొబ్బరినూనెలో ఈ కొవ్వులు ఉంటాయని ఎక్కడో చదివి, అదే ఇస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. కొబ్బరినూనెలో సగానికి దగ్గరగా ఉండే లారిక్ ఆమ్లంలో ఎక్కువ పాలు శోషరసం దారినే పోతుంది. వైద్యానికి వాడే నూనె వేరు, అందులో 8, 10 కార్బన్ల ఆమ్లాలే ప్రధానం. దాన్ని కూడా వంటకు వాడినట్టు వేయించడానికి వాడకూడదు. ఇంకో మెలిక ఏమిటంటే, ఆ నూనెలో శరీరానికి తప్పనిసరి అయిన కొవ్వు ఆమ్లాలు ఉండవు. కొవ్వు లేని ఆహారం మూడు వారాలు దాటితే వాటి లోటు మొదలవుతుంది, చర్మం పొలుసులు లేస్తుంది. అప్పుడు వాటిని సిర ద్వారానైనా ఇవ్వాలి.

ఆక్ట్రియోటైడ్ అనే ఇంజెక్షన్ పేరు మీరు వినే ఉంటారు. పేగుకు వెళ్లే రక్తాన్నీ జీర్ణరసాలనూ తగ్గించి శోషరస ప్రవాహాన్ని నెమ్మదింపజేస్తుంది. చర్మం కింద రోజుకు మూడు సార్లు ఇవ్వడం మామూలు. కొందరిలో బాగా పనిచేస్తుంది, కొందరిలో ఏమీ తేడా రాదు. దాని మీద గట్టి పరీక్షలు జరిగింది తక్కువ. నేనైతే ఇస్తాను, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోను. మూడు, నాలుగు రోజుల్లో సీసాలో అంకె దిగకపోతే అది పనిచేయడం లేదనే అర్థం. ఇచ్చే రోజుల్లో రక్తంలో చక్కెర, నాడి వేగం గమనిస్తుండాలి.

ఎంతకాలం చూడాలి? అన్నవాహిక ఆపరేషన్ తర్వాత వచ్చిన కారుడు విషయంలో నాకు ఓపిక తక్కువ. అప్పటికే క్యాన్సర్‌తో, ఆపరేషన్‌తో చిక్కిపోయిన శరీరం రెండు, మూడు వారాల కారుడును తట్టుకోలేదు. పాత పుస్తకాల్లో రెండు వారాలు ఆగమని ఉండేది. పెద్దల్లో రోజుకు లీటరుకు పైగా అయిదు రోజులు కారినా, రెండు వారాలైనా తగ్గకపోయినా, పోషణ దెబ్బతింటున్నా మరో చికిత్సకు వెళ్లాలన్నది ఎక్కువమంది పాటించే కొలత. అన్నవాహిక రోగుల్లో ఇంకా ముందే మేలుకోవాలని, అయిదో రోజుకు కూడా శరీర బరువులో కిలోకు 10 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ కారుతుంటే దానంతట అది ఆగే ఆశ తక్కువని కొందరు సర్జన్లు లెక్క వేస్తారు. నాన్నగారి బరువు 60 కిలోలు అనుకుంటే ఆ గీత 600 దగ్గర పడుతుంది. పేగును ఆపేసి నాలుగు రోజులైనా 900 వస్తోందంటే, ఆ అంకె నాకు నచ్చలేదు. అది రోజురోజుకూ దిగుతూ 900కి వచ్చిందా, లేక అక్కడే నిలబడిందా అన్నది మీరు రాయలేదు. దిగుతుంటే రెండు రోజులు ఆగవచ్చు. నిలబడి ఉంటే తర్వాతి మెట్టు గురించి ఈ వారంలోనే మాట్లాడాలి.

ఆ మెట్టు ఇప్పుడు కత్తితోనే మొదలవ్వాలని లేదు. గజ్జల్లోని లింఫ్ గ్రంథిలోకి సన్నని సూదితో లిపియోడాల్ అనే అయోడిన్ కలిపిన నూనెను మెల్లగా ఎక్కించి, అది నాళాల వెంట పైకి పాకుతుంటే ఎక్స్‌రేలో చూస్తారు. గండి ఎక్కడుందో కనిపిస్తుంది. విచిత్రం ఏమిటంటే, జాడ చూడటానికి ఎక్కించిన ఈ నూనె కొందరిలో గండి దగ్గర అంటుకుని కారుడును ఆపేస్తుంది. ఆగకపోతే పొట్ట మీదుగా సూదిని ఆ తిత్తిలోకి పంపి, సన్నని తీగ, గొట్టం వెంట నాళంలోకి వెళ్లి, లోహపు చుట్టలతో, జిగురుతో దాన్ని మూసేస్తారు. 1990ల చివర్లో కాన్‌స్టాంటిన్ కోప్ అనే రేడియాలజిస్టు దారి చూపిన పద్ధతి ఇది. కష్టం నాళంలోకి చేరడమే. మూడింట ఒక వంతు మందిలో అది కుదరదు. చేరి మూయగలిగితే మాత్రం పది మందిలో తొమ్మిది మందికి దాకా కారుడు ఆగుతుంది. అన్ని చోట్లా చేసేవారు ఉండరు కాబట్టి, అవసరమైతే ఎక్కడికి పంపుతారో ఇప్పుడే అడిగి ఉంచడం మంచిది.

అది కుదరకపోతే శస్త్రచికిత్స. కుడివైపు నుంచి, తరచూ కెమెరా గొట్టంతోనే, డయాఫ్రమ్‌కు కాస్త పైన నాళాన్ని కట్టేస్తారు. గండి సరిగ్గా కనిపించకపోయినా ఫరవాలేదు, కింద కడితే పైన ఎక్కడ కారినా ఆగుతుంది. కొన్నిచోట్ల ఆపరేషన్‌కు కొన్ని గంటల ముందు గొట్టం ద్వారా మీగడ లాంటి కొవ్వు పదార్థం ఇస్తారు. అసెల్లి కుక్కలో లాగా నాళం తెల్లగా నిండి కంటికి కనిపించాలని. అంత పెద్ద నాళాన్ని కట్టేస్తే శోషరసం ఎటు పోతుంది అని మీకు అనుమానం రావచ్చు. పక్కనున్న చిన్న చిన్న నాళాలు పెద్దవై ఆ పని అందుకుంటాయి. కొద్దిమందిలో కొంతకాలం కాళ్ల వాపు, విరేచనాలు ఉంటాయి.

ఇదే జబ్బు ఆపరేషన్ లేకుండా వచ్చినవారు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ దారి కొంచెం వేరు. అప్పుడు నాళాన్ని మూయడం కంటే ముందు కారణం వెతకాలి. అన్నింటికంటే ముందు అనుమానించవలసింది లింఫోమా అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్. తర్వాత క్షయ, ఫైలేరియా, సార్కాయిడోసిస్, కాలేయం గట్టిపడటం, మెడ సిరల్లో రక్తం గడ్డకట్టడం. యాభై దాటని స్త్రీలో కారణం తెలియని కైలోథొరాక్స్ వస్తే సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో సన్నని గోడల బుడగలు ఉన్నాయేమో చూడాలి. అది ఎల్‌ఏఎం అనే అరుదైన జబ్బు కావచ్చు. దానికి సిరోలిమస్ మాత్రలతో గొట్టం అవసరమే లేకుండా ద్రవం తగ్గిపోయినవారిని చూశాను. పుట్టిన వెంటనే శిశువుల్లో వచ్చేది మరో కథ, దాని గురించి శిశువైద్యులే చెప్పాలి.

మీ నాన్నగారి విషయానికి వస్తే, రేపు డాక్టరుగారిని అడగడానికి నాలుగు మాటలు రాసుకోండి. గత నాలుగు రోజుల అంకెలు ఏమిటి? ద్రవంలో ట్రైగ్లిజరైడ్లు చూశారా? ఆల్బుమిన్, లింఫోసైట్లు ఎంత ఉన్నాయి? ఏ రోజుకు ఎంతకు దిగకపోతే తర్వాతి చికిత్సకు వెళ్తారు? ఈ చివరి ప్రశ్నకు తేదీతో సహా జవాబు తీసుకోండి. మంచి వైద్యులు దీన్ని తప్పు పట్టరు. చాలామంది ఆ తేదీని మనసులో వేసుకునే ఉంటారు, పైకి చెప్పరంతే.

కారుడు రోజుకు 200 మిల్లీలీటర్ల కంటే దిగాక ఒక పరీక్ష పెడతారు. పేగులోకి మళ్లీ మామూలు కొవ్వుతో ఆహారం ఇచ్చి ఒకటి, రెండు రోజులు సీసాను గమనిస్తారు. తెల్లబడకుండా, పెరగకుండా ఉంటే గొట్టం తీస్తారు. ఆ పరీక్ష చేయకుండా తొందరపడి తీసిన గొట్టాన్ని వారం తిరక్కుండా మళ్లీ వేయవలసి వచ్చిన సందర్భాలున్నాయి. ఇంటికి వెళ్లాక కూడా కొన్ని వారాలు, చాలాచోట్ల నాలుగు నుంచి ఆరు వారాలు, కొవ్వు తగ్గించిన ఆహారమే ఇవ్వమంటారు. వెన్న తీసిన పాలు, గుడ్డులో తెల్లసొన, పప్పులు, చర్మం తీసిన కోడిమాంసం ఇవ్వవచ్చు. వేపుళ్లు, వెన్న, గింజలు కొంతకాలం పక్కన పెట్టాలి. గొట్టం తీసిన మర్నాడు, ఆపైన వారానికి, నెలకు ఛాతీ ఎక్స్‌రే తీయించండి. మధ్యలో మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం పెరిగినా, వెల్లకిలా పడుకోలేకపోయినా తేదీ కోసం ఆగకుండా అదే రోజు వెళ్లండి.